ఎలెక్ట్రిఫికేషన్ చేను

విత్తనం వేయకముందే పంట పోగొట్టిన మొనగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? నేనే. ఎండ తప్పు కాదు, వాన తప్పు కాదు. ఒక్క ఇంగ్లీషు మాటతో ఆ పని చేశాను.

అప్పుడు పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. సెలవులకు మా ఊరు అరసికెరె వచ్చాను. నడవలో అమ్మ, మేనత్త రంగమ్మ, చెల్లెలు గిరిజ విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నారు. కరువులోనూ నాయన తినకుండా దాచిన కాయలవి. తొలి వాన పదునుకు మూడున్నర ఎకరాల్లో అవే పడాలి. గిరిజకేమో పదో తరగతి ఇంగ్లీషు పోయింది, మళ్లీ పరీక్ష. 'ఎలెక్ట్రిఫికేషన్' దగ్గర దాని నాలుక మొండి ఎద్దులా నిలబడిపోయింది.

"ఇది మాటనా, రైలుబండినా అన్నా?"

"రైలే. పెట్టెలు విడదీస్తే సరి."

మోటారు విప్పి బిగించేవాణ్ణి, మాట నాకొక లెక్కా! పలక మీద రాశాను. ఒకటి: మూలం, ఎలెక్ట్రిక్. రెండు: దాని వెనక తోకలు. మూడు: సిలబుల్స్ ఆరు, ఇ-లెక్-ట్రి-ఫి-కే-షన్. నాలుగు: బలం, అంటే ఒత్తి పలకడం, అయిదోదాని మీద.

అక్కడ ఆగితే నేనేం ఇంజనీరును?

"సిలబుల్‌కు ఒక కాయ వేళ్లతో ఒలవండి. 'కే' రాగానే రెండు కాయలు పిడికిట్లో పెట్టి పటుక్కుమనిపించండి. చదువూ అవుతుంది, పనీ అవుతుంది."

"పప్పు చెడదేమిరా?" అంది అమ్మ.

"లెక్క వేసినానమ్మా."

"యాడ నేర్చినావప్పా ఇంత తెలివి!" అంది అత్త.

నాలుగు రోజులు ఇల్లు దద్దరిల్లింది. మూటలు ఖాళీ. అత్త నోట ఆ మాట పోపులో ఆవాల్లా చిటపటలాడుతోంది. నేను లేని మీసం దువ్వుకున్నాను.

అయిదో రోజు నాయన చేటలో చెయ్యి పెట్టాడు.

"ఏందిరా ఇది? బద్దలైన పప్పు మొలుస్తుందా? ఎవురు ఒలిచినారు ఇట్లా?"

"నేనే అన్నా," అని అత్త పిడికిలి బిగించి చూపించింది, "ఇ-లెక్-ట్రి-ఫి-కే-షన్!"

'కే' మీద బలం ఎంత చక్కగా పడిందంటే, తిట్లు తింటూనే నా ఛాతీ ఉబ్బింది.

నా లెక్క తప్పలేదు. మాటకు ఏడు కాయలు, అందులో రెండు బద్దలు. విత్తనం చాలక మూడున్నర ఎకరాల్లో సరిగ్గా ఒక ఎకరా బీడు. ఆ ఏడాది మా ఇంట్లో చట్నీకి మాత్రం కరువు లేదు. గిరిజ పాసైంది.

ఆ బీడుకు ఊరు ఎలెక్ట్రిఫికేషన్ చేను అని పేరు పెట్టింది. గొర్రెలు తోలే తాత దగ్గర్నుంచి అందరూ తప్పు లేకుండా పలుకుతారు, బలం అయిదో సిలబుల్ మీదే.

కాబట్టి ఆ చేను గట్టున నిలబడి ప్రమాణం చేస్తున్నాను: చేతిలో శనక్కాయలున్న మనిషికి ఇక ఇంగ్లీషు ముక్క చెప్పను. చేతులు ఖాళీగా ఉంటే రండి, ఇంతకంటే పొడుగు మాటలున్నాయి.