ఓ గ్రూపు మనిషి

ఇంటివాళ్ళంతా కలిసి నడిపే లాండ్రీలో బరువైన దుప్పట్లన్నీ పెద్దవదిన వంతుకే వస్తాయి. ఆమెది 'ఓ' గ్రూపు రక్తం. ఆ రక్తానికి అలుపుండదని మరిది ఎక్కడో చదివాడు. ఇంటిల్లిపాదీ నమ్మారు, ఆమెతో సహా. నడుం పట్టేస్తే కాసేపు గోడకు ఆనుకుని, ముంజేతితో మెడ తుడుచుకుని, మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంటుంది. జ్వరం వచ్చిన రోజు కూడా మరిది మూట తెచ్చి ముందు పెట్టాడు.

"మాది 'ఏ' గ్రూపు వదినా, ఆవిరి తగిలితే పడిపోతాం. నీకేం, రాయిలాంటి మనిషివి."

"రాయికీ చెమటలు పడుతున్నాయయ్యా" అంటూనే ఆమె మూట విప్పింది.

సాయంత్రం కొడుకు ఆసుపత్రి నుంచి తిన్నగా అక్కడికే వచ్చాడు. పొద్దున అతనికి కూతురు పుట్టింది.

"అమ్మా, పాపది అచ్చం నీ గ్రూపే."

ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"బాబాయికి చెప్పావా?"

"ఇంకా లేదు."

"చెప్పకు" అంది. "ఎవరికీ చెప్పకు."