బండి దగ్గు, భార్య బరువు

పెళ్లాం ముందు మగవాడు చచ్చినా ఎత్తకూడని మాట ఒకటుంది. ఆ మాటను నేను పటాన్‌చెరు చౌరస్తాలో, పట్టపగలు, హెల్మెట్‌లోంచి వినపడదేమోనని గొంతు చించుకుని మరీ అన్నాను. దాంతో నా కాపురం ఎంతదాకా వచ్చిందో చెబుతాను వినండి. నవ్వొస్తే నవ్వేయండి, మొహమాటం వద్దు. మా అత్తగారింట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పటికి మా పెళ్లయి ఏడాది కూడా కాలేదు. కిష్టారెడ్డిపేటలో కిరాయికి ఉంటూ, కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీలో మీటర్లు, సెన్సార్లు చూసే పని చేసేవాణ్ని. ఏ మీటరు తప్పు చూపించినా దాని గుట్టు ఇట్టే పట్టేస్తానని నాకు పేరు. ఊరికే వచ్చిన పేరు కాదది, నలుగురికీ నేనే చెప్పుకుని తెచ్చుకున్నది. అలాంటివాణ్ని కదా, మామూలు బండి మనకెందుకని, కంప్యూటరే కొలిచి పెట్రోలు పోసే ఇంజెక్షన్ బండి ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను.

నేనొక్కణ్నే డ్యూటీకి వెళ్తే బండి బంగారం. సుజాత, అంటే నా భార్య, వెనక కూర్చుందంటే మాత్రం గతుకు వచ్చినప్పుడల్లా ‘గుక్కు’మని ఊపిరి ఆపి, మళ్లీ అందుకునేది. మా వైపు రోడ్ల సంగతి మీకు తెలుసు కదా! లారీలు తిరిగి తిరిగి, గతుకుల మధ్య అక్కడక్కడా రోడ్డు కనిపిస్తుంది. ఇక ఎంత దగ్గేదో మీరే ఊహించుకోండి.

పెట్రోలు బంకు మార్చాను. ప్లగ్గు మార్చాను. చివరికి మెకానిక్ ఖాజా భాయ్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన బండికి తన మిషను తగిలించి చూసి పెదవి విరిచాడు.

“ఏం లేదన్నా. అంతా సాఫ్ ఉన్నది.”

“దగ్గుతున్నది భాయ్! నా చెవులతోని విన్న.”

ఆయన ఎక్కి, ఓ రౌండు కొట్టి వచ్చాడు. “మక్ఖన్ లెక్క నున్నగ పోతున్నది. నీ చెవులే జెర చూపించుకో.”

ఆ మంట కడుపులో ఉండగానే ఒకరోజు సుజాతను ఎక్కించుకుని చౌరస్తాలోకి వచ్చాను. నట్టనడుమ బండి దగ్గి, ఏకంగా ఆగిపోయింది. వెనకాల లారీ హారను. ఆ మోతలో నాకు జ్ఞానోదయమైంది.

“దొరికింది సుజాతా! నేనొక్కన్నే ఉంటే దగ్గది. నువ్వెక్కితెనే దగ్గుతది. బరువు! నీ బరువే!”

సుజాత బండి దిగి, పక్కనే ఆగి ఉన్న షేర్ ఆటో ఎక్కింది. అందులో కూర్చున్న ఒక ముసలమ్మ ఊరుకోలేదు. “పుల్ల లెక్క ఉన్న పిల్లను పట్టుకొని బరువంటవా? నీ నోట్ల మన్నువడ!” అని నిండు ఆటో ముందు నన్ను దీవించి పోయింది.

ఇంటికి చేరాక సుజాత నెమ్మదిగా అడిగింది. ఆమె నెమ్మదిగా అడిగితే నాకు చెమటలు పడతాయి.

“ఆదివారం సంగారెడ్డిల మా చెల్లె నిశ్చితార్థం. యాదికున్నదా?”

“ఉన్నది.”

“ఆ లోపల బండి రోగమేందో తేలాలె. నాది తప్పు కాదని తేలితే మావోళ్లందరి ముంగట నువ్వే చెప్పాలె. తేలకపోతే నేను ఆటోల పోత. మొగుడుండంగ ఆటోల ఎందుకొచ్చినవ్ అని అడిగితే, ఉన్నదున్నట్టు చెప్త.”

మా అత్తగారి వైపు ఆడవాళ్లు ఒక బస్సుకు సరిపడా ఉంటారు. వాళ్ల నోళ్లలో పడితే నేను మళ్లీ సంగారెడ్డి ముఖం చూడగలనా? బుద్ధి ఉన్నవాడైతే అక్కడే చేతులు పట్టుకుని తప్పయిందనేవాడు. నేను ట్రయల్ పెట్టాను. ఫ్యాక్టరీలో అనుమానం వస్తే ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి నడిపి చూస్తాం.

“కోపం తెచ్చుకోకు గని, నీ బరువెంత?”

“ఎందుకు?”

“అంత బియ్యం కట్టి చూస్త.”

ఆమె చేతిలో గరిటె గాలిలోనే ఆగింది. “నువ్వే చెప్పు, ఎంతుంట?”

“నలభై,” అన్నాను. సుజాత మొహం కాస్త విచ్చుకుంది. హమ్మయ్య అనుకుని కిందికి దిగి, వెనక సీటు మీద పాతిక కిలోల నిండు బస్తాలు రెండు వేసి కట్టాను. తలెత్తి చూస్తే బాల్కనీలో సుజాత.

మండే ఎండలో పటేల్‌గూడ దాకా తిరిగాను. కనిపించిన గతుకునల్లా ఎక్కించాను. బండి దగ్గితే ఒట్టు! దారిలో ఒకామె చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

“బియ్యం ఎట్లిస్తున్నవ్ బిడ్డా? పాతవేనా?”

“అమ్మేటివి కాదమ్మా. వీటిని మా ఆమె అనుకో.”

ఆమె నన్ను ఎగాదిగా చూసి, రెండడుగులు వెనక్కి వేసింది.

నేను మాత్రం పరమానందంగా ఇంటికొచ్చి పడ్డాను. “సుజాతా, నీ బరువు కాదు! రెండు బస్తాలేసినా దగ్గలే!”

“మరేంది?”

ఇక్కడ నోరు మూసుకోవాలని మీకు తెలుసు. నాకు తెలియలేదు.

“బరువు కాదు. నువ్వే!”

ఆ పూట మా ఇంట్లో వంట ఒక్కరికే అయింది.

ఆదివారం వచ్చింది. పట్టుచీర ఆటోలో నలిగిపోతుందని మాత్రమే సుజాత నా బండి ఎక్కింది. దారి పొడుగునా బండి దగ్గడం, వెనక నుంచి ఆమె “ఊఁ, నేనే, నేనే” అనడం. ఇస్నాపూర్ దాటాక వీపు మీద ఒక్కటి పొడిచింది.

“ఆగు. ఇంటికి తాళమేసినవా?”

“ఏసిన. ఇగో, ఇంటి తాళాలు బండి తాళంచెవికే ఉన్నయి.”

“ఇటియ్యి. నీ మీద నాకు నమ్మకం లేదు.”

గుత్తి ఊడదీసి ఇచ్చాను. గేటు తాళంచెవి, తలుపుది, బీరువాది, వాటన్నిటికీ తోడు ఫ్యాక్టరీ లేత్ మిషను మీద ముచ్చటపడి చేయించుకున్న ఇత్తడి గుండు. దాని మీద నా పేరు కూడా చెక్కించాను. సుజాత అందుకుని, “ఏందయ్యా ఇది, గింత బరువున్నది!” అని సంచిలో వేసుకుంది.

బయల్దేరాం. స్పీడ్ బ్రేకర్ వచ్చింది, దగ్గలేదు. గతుకు వచ్చింది, దగ్గలేదు. ఇంకో గతుకు వెతుక్కుని మరీ ఎక్కించాను. చప్పుడు లేదు! బండి ఆపి, గుత్తిని మళ్లీ తగిలించి, ఇంజిను ఆన్‌లో పెట్టి గుండును అటూ ఇటూ ఊపాను. ‘గుక్కు.’

పాత బండి కదా, తాళంచెవి తిప్పే చోట లోపల అరిగి వదులైంది. గతుకు పడగానే గుండు ఊగి చెవిని లాగేది, లాగగానే కరెంటు తెగేది. నేనొక్కణ్నే డ్యూటీకి పోతే గుత్తి ఇంట్లో సుజాత దగ్గరే ఉంటుంది. బియ్యం మోసిన రోజూ అంతే. ఇంటి తాళాలు మెకానిక్ చేతికి ఎవరిస్తారు? ఇద్దరం కలిసి ఇల్లు దాటినప్పుడే అది బండెక్కేది. ఆమెతో పాటు ఎక్కి, ఆమె మీదికి తోసింది!

సుజాత రోడ్డు పక్కన నిలబడి, కాటుక కారిపోయేదాకా నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. సుజాత పెట్టిన షరతు కాబట్టి సంగారెడ్డిలో భోజనాల దగ్గర లేచి నిలబడి ఒప్పుకున్నాను. “దగ్గుడు సుజాత బరువుకు కాదు, నా గుండు బరువుకు.”

మా మామగారు విస్తరి ముందు నుంచే అడిగారు. “అల్లుడూ, ఇగ మా బిడ్డ బరువు కాదు కదా?”

“కాదు మామా!”

పందిరి పందిరంతా గొల్లుమంది.

తిరుగు ప్రయాణంలో బండి గాలిలో తేలుతోంది. సుజాత భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ప్రేమగా అడిగింది. “ఇప్పుడు నిజం చెప్పు. నేను బరువేం లేను కదా?”

“లేవు” అంటే అయిపోయేది. కానీ మీటర్ల పని చేసేవాణ్ని, ఉన్న రీడింగు ఉన్నట్టు చెప్పడం పాడు అలవాటు.

“దగ్గైతే పోయింది గని, పికప్ జెర తక్కువున్నది.”

“బండి ఆపు.”

ఆపాను. ఆటో ఎక్కింది. ఆటో అన్ని స్టాపుల్లో ఆగుతుంది కదా, నేనే ముందు ఇల్లు చేరాను. చేరాక గుర్తొచ్చింది, తాళాలు ఆమె సంచిలో ఉన్నాయని.

మూసి ఉన్న గేటు ముందు ఫంక్షన్ బట్టల్లో కూర్చుని, ఆ గేటు సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట నా బండి దగ్గినా, తుమ్మినా, నడిరోడ్డు మీద ప్రాణం వదిలినా, కారణం కోసం వెనక సీటు దాకా పోను. ముందు సీటు మీద కూర్చున్నవాడితో మొదలుపెట్టి, అక్కడే ఆపేస్తాను.