నలభై వేలు నిండని కారు

డయాలిసిస్ కేంద్రంలో ఆ డ్రైవర్ని అందరూ ‘చెవి’ అనే పిలిచేవారు. ఇంజన్ చప్పుడు వినగానే జబ్బేమిటో చెప్పేసేవాడు కనుక ఆ పేరు పడింది. యాభై దాటిన మనిషి. కిడ్నీలు పాడైనవాళ్లను ఇళ్ల దగ్గర ఎక్కించుకుని రావడం, నాలుగు గంటలు యంత్రం మీద ఉన్నాక మళ్లీ ఇంటికి దింపడం అతని పని. ఎక్కినవాళ్లలో చాలామంది కళ్లు మూసుకుని కూర్చునేవారు. రిటైరైన లెక్కల మాస్టారొకరు మాత్రం వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కబుర్లు చెబుతూనే ఉండేవారు.

ఆ ఏడు వానలు వెలిశాక అతను నడిపే కేంద్రం కారు తేడా చేయడం మొదలుపెట్టింది. పొద్దున్నే తాళం ఎంత తిప్పినా గొణుగుతుందే తప్ప పట్టుకోదు. వంతెన ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినా ఊపందుకోదు. ఒక్కోసారి నడుస్తూ నడుస్తూనే వెక్కిళ్లొచ్చినట్టు కుదుపులు. చెవికి పదిరోజుల్లో విషయం అర్థమైంది. తిన్నగా వాహనాల ఇన్‌చార్జి గదికి వెళ్లాడు.

“డీజిల్ ఫిల్టర్ మార్చాలి సార్.”

ఇన్‌చార్జి అతని పెద్దకొడుకు వయసువాడు. కంప్యూటర్ వైపు తిరిగాడు. “మీటరు ఎంత చూపిస్తోంది?”

“ముప్ఫై ఎనిమిది వేల నాలుగొందలు.”

“నలభై వేల కిలోమీటర్లకి మార్చాలని ఉంది. ఇంకా టైముందిగా.”

“మీటరు పోయినేడే చచ్చిపోయింది సార్. అప్పట్నుంచీ అదే అంకె. మీకు రాసిచ్చాను కూడా.”

“మీటరు గురించి నేనూ పైకి పంపించాను. ఇంకా ఏ కబురూ లేదు. నలభై వేలు కొట్టందే కంప్యూటరు తీసుకోదండీ, నన్నేం చేయమంటారు?”

“నలభై వేలన్నది శుభ్రమైన డీజిల్ పోసినప్పటి మాట సార్. ఈమధ్య డీజిల్లో నీళ్లొస్తున్నాయి. టీ వడబోసే జల్లెడ మూసుకుపోతే కప్పులోకి చుక్క దిగుతుందా? ఇదీ అంతే. ఇంజన్‌కి తిండి అందట్లేదు. లెక్క చూసి కాదు, బండి చెప్పినప్పుడు మార్చాలి.”

“చూద్దాం,” అన్నాడు ఇన్‌చార్జి. ఆ మాట ఎంత దూరం వెళుతుందో చెవికి తెలుసు. తనే మార్చేద్దామంటే, క్రితంసారి హెడ్‌లైట్ బల్బు సొంతంగా మార్చినందుకు ఇచ్చిన మెమో ఇంకా ఇంట్లో బీరువాలోనే ఉంది. బండి మీద వర్క్‌షాపువాళ్లది తప్ప మరో చెయ్యి పడకూడదట. చేయగలిగిందల్లా ఒకటే. రోజూ పొద్దున్నే ఫిల్టర్ కింది మర వదులు చేసి, అడుగున చేరిన నీళ్లు వంపేసేవాడు. మురికి టీలా కారేవి. మరో రెండుసార్లు వెళ్లి అడిగాడు. రెండుసార్లూ “చూద్దాం.”

సంగతి విని మాస్టారు నవ్వారు. “అయితే నీ కారూ నా జట్టేనన్నమాట. ఇద్దరికీ ఫిల్టర్లే పోయాయి. కాకపోతే దానిది మార్చడానికి అరగంట చాలు.”

“ఆ అరగంటే దొరకట్లేదు మాస్టారూ,” అన్నాడు చెవి.

మంగళవారం పదకొండింటికి మాస్టారిని తీసుకురావడానికి వెళ్లేసరికి ఆయన మొహం ఉబ్బి ఉంది. జ్వరమొచ్చి శనివారం డయాలిసిస్‌కి రాలేదు. ఒంట్లో నీరు చేరిపోయింది. మెట్లు దిగడానికే ఆయాసపడ్డారు. “మెల్లగా పోనీ నాయనా,” అని మాత్రం అన్నారు.

వంతెన సగం ఎక్కాక కారు రెండుసార్లు కుదిపి ఆగిపోయింది.

చెవి బానెట్ ఎత్తి నీళ్లు వంపాడు. ఫిల్టర్ పైన డీజిల్ ఎక్కించే చేతిపంపుని బొటనవేలు నొప్పెట్టేదాకా నొక్కాడు. స్టార్టయింది. ఇరవై గజాలు పాకి మళ్లీ ఆగింది. ఈసారి ఎంత నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. వెనక హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. ఇన్‌చార్జికి ఫోన్ చేస్తే రెండో కారు రావడానికి ముప్పావుగంట పడుతుందన్నాడు. అంబులెన్స్‌కి ఫోన్ చేశాడు.

అంబులెన్స్ పది నిమిషాల్లోనే వచ్చింది. కానీ వంతెన దిగువన నిలిచిపోయింది. రోడ్డు మరమ్మతుల వల్ల వంతెన మీద ఒకే వరస నడుస్తోంది. ఆ వరసకి అడ్డంగా ఉన్నది ఈ కారే. సైరన్ వినిపిస్తోంది, బండి మాత్రం దగ్గరికి రాలేదు. చెవి స్టీరింగ్ పట్టుకుని ఒక్కడే ఎత్తు మీదికి తోయబోయాడు. కారు అంగుళం కదల్లేదు. లోపల మాస్టారు కిటికీ అంచు పట్టుకుని, నోరు తెరిచి గాలి కోసం తన్నుకుంటున్నారు. కనబడిన ప్రతివాణ్ణీ బతిమాలాడు. చివరికి వెనక బస్సులోంచి నలుగురు దిగి చెయ్యేశారు. కారు పక్కకు జరిగి, దారి తెరుచుకుని, మాస్టారిని స్ట్రెచర్ మీదికి చేర్చేసరికి నలభై నిమిషాలు గడిచిపోయాయి.

మర్నాడే వర్క్‌షాపులో ఫిల్టర్ మార్చారు. ఏ కంప్యూటరూ అడ్డం రాలేదు.

సాయంత్రం చెవి ఆసుపత్రికి వెళ్లాడు. ఐసీయూ బయట బల్లమీద మాస్టారి కూతురు కూర్చుని ఉంది. అతన్ని చూసి కొంచెం జరిగి చోటిచ్చింది. చెవి కూర్చోలేదు.

“బండి బాగాలేదని మీకు ముందే తెలుసా అంకుల్?”

“తెలుసమ్మా.”

“మరి?”

మీటరు గురించీ, నలభై వేల గురించీ, మెమో గురించీ చెప్పబోయాడు. తలుపు అవతల యంత్రాలు కూస్తుంటే ఆ మాటలన్నీ అతనికే సాకుల్లా తోచాయి. “మూడుసార్లు చెప్పానమ్మా,” అన్నాడు చివరికి. అతని గొంతు అతనికే వినబడలేదు.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నర్సు పిలిస్తే లేచి లోపలికి వెళ్లింది.

మాస్టారు బతికారు. తొమ్మిది రోజులకు ఇంటికొచ్చారు గానీ గుండె బాగా నీరసించిపోయింది. కూతురు తన ఇంటికి తీసుకెళ్లి, ఆ వీధి చివరే ఉన్న మరో కేంద్రంలో చేర్పించింది. ఆ చిరునామా చెవి దగ్గరుంది. రెండుసార్లు ఆ వీధి దాకా వెళ్లాడు. ఏం చెప్పాలో తోచక, రెండుసార్లూ వెనక్కి తిరిగొచ్చేశాడు.