గాజంత బెజ్జం ఉన్న పెండ్లికార్డు

నా చిన్నప్పుడు అని నేను నోరు తెరవగానే మా ఫ్లెక్సీ షాపులో పనిచేసేవాళ్లు నవ్వుతారు. నాకింకా ముప్పై నిండలేదు. అయితే నెత్తి మీది వెంట్రుకలు నాకంటే ముందే ముసలివై వెళ్లిపోయాయి కాబట్టి, పెద్దమనిషిలా మాట్లాడే హక్కు నాకుందని నేనంటాను. చదువు సంగతి మాత్రం అడగొద్దు. తొమ్మిదో తరగతిలో నాకూ బడికీ ఒకరంటే ఒకరికి విసుగొచ్చి మర్యాదగా విడిపోయాం.

అంతకు కొన్ని నెలల ముందు, తెలంగాణ వచ్చిన మరుసటేడు, మా నాయిన పోయాడు. కేతేపల్లి దగ్గర పెద్దరోడ్డు మీద మందను దాటిస్తుంటే లారీ కొట్టింది. గొర్రెలతో పాటే ఆయనా. దశదినకర్మకు ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టాలన్నాడు మా పెద్దనాయిన. ఫ్లెక్సీ వేసే షాపులో ఇంటి మనిషి ఒకరు కూర్చుని తప్పులు చూసుకోవాలి. ఇంట్లో అక్షరం ముక్క వచ్చినవాణ్ని నేనే. అందుకని నన్ను పంపారు.

షాపులో డిజైన్ చేసే అక్క ఉండేది. పైన నాయిన ఫొటో పెట్టి, దానికి కంప్యూటర్లోనే దండ వేసి, రెండు పక్కలా దీపాలు వెలిగించింది. కింద గుండ్రాల్లో మా అందరి ముఖాలూ సర్దింది. అంతా అయ్యాక ఒక పాత పెండ్లికార్డు తీసింది. దాని నడుమ గాజంత బెజ్జం కోసి ఉంది. కార్డును తెరకు ఆనించి మెల్లగా జరుపుతూ, బెజ్జంలో కనబడేది ఒక్కటే చూడమంది. ఊరు, తారీఖు, వేళ, తర్వాత ఒక్కొక్క ముఖం.

“మొత్తం ఒక్కపారే చూస్తే కన్ను అంతా మంచిగనే ఉన్నదంటది, తమ్మీ. ప్రింటైనంక ఎంత చూస్తె ఏం లాభం?” అంది.

అమ్మ ముఖం దగ్గరికి వచ్చేసరికి పెద్దనాయిన అక్కకు ఫోన్ చేశాడు. అక్క వాట్సాప్‌లో పంపిన నమూనా చూశాడట. అమ్మ నుదుట బొట్టుంది, నలుగురూ ఏమనుకుంటారు, తీసెయ్యమన్నాడు. మా దగ్గర బొట్టు తీసేది పదో రోజు. ఫ్లెక్సీ కట్టేది తొమ్మిదో రోజే. ఆ సంగతి ఆయనకు తట్టలేదు, అక్కకు తట్టింది. మీ అమ్మను అడిగారా అని నన్నడిగింది. ఆ వయసులో ఏడుపు రావాల్సిన చోటల్లా నాకు జోకు వచ్చేది. తీసెయ్యక్కా, ఇంట్లో కుంకుమ మిగులుతుందన్నాను. అక్క నవ్వలేదు.

ఆమె ఫొటోను పెద్దది చేసింది. తెర నిండా అమ్మ నుదురే. అంత దగ్గరికి పోతే బొట్టు కూడా ఎర్రటి చిన్నచిన్న గడులే. పక్కన ఉన్న చర్మం రంగు తీసి గడి గడికీ అద్దింది. మళ్లీ కార్డు పెట్టి చూడమంది. నేను అవతలి గదిలో ప్రింటు కొట్టే మిషన్ వైపు చూస్తూ కూర్చున్నాను. నిజానికి మిషన్‌నూ చూడలేదు. తెర వైపు చూడకుండా ఉండటానికి ఏదో ఒకటి కావాలి కదా.

“చూసినవా?”

“చూసిన.”

ఇంటి మనిషి సరే అననిదే ఆ షాపులో ప్రింటు కొట్టరు. నేను సరే అన్నాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఫ్లెక్సీ కట్టారు. అమ్మ ఇంట్లోంచి వాకిట్లోకి వచ్చి తలెత్తింది. నుదుట బొట్టుతో నిలబడి, బొట్టు లేని తన ముఖాన్ని చాలాసేపు చూసింది. తర్వాత కొంగుతో తనే తుడిచేసుకుంది. మర్నాడు ఆ పని చేయడానికి కూర్చున్న ఆడవాళ్లు ఆమె నుదురు చూసి, ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరు తీయించారని అమ్మ ఎవరినీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

వారం తర్వాత షాపుకు వెళ్లి, అమ్మ చేసిన పనీ, ఆ రోజు నేను తెర చూడకుండానే సరే అన్న సంగతీ అక్కకు చెప్పాను. తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. “నీ కండ్లు ఎటున్నయో చూసి గూడ ప్రింటు కొట్టిన, తప్పు నాదే” అందామె. ఆ కార్డు నా చేతిలో పెట్టింది.

“చూడబుద్ధి కానిదే ముందుగాల చూడాలె, తమ్మీ.”

ఇప్పుడు హుజూర్‌నగర్‌లో నాదీ అదే పని. కార్డు మీది బంగారు రంగు ఎప్పుడో రాలిపోయింది, అంచులు మెత్తబడ్డాయి. చావు ఫ్లెక్సీ వచ్చిందంటే ఇంటివాళ్లను పక్కన కూర్చోబెట్టి, ముఖం ముఖం బెజ్జంలోంచి చూపిస్తాను. ఏ ఆడమనిషి నుదుటినైనా, ఆమే స్వయంగా చూసి చెప్పేదాకా ముట్టను. అందుకని నా దగ్గర పని ఆలస్యమని పేరు.

నిరుడు అక్కను అడిగితే, బొట్టున్న అసలు ఫొటో ఇంకా దాచే ఉంచింది. దాన్ని పెద్దగా వేయించి, పటం కట్టించి అమ్మకు తీసుకుపోయాను. జోకు లేకుండా ఏదైనా ఇవ్వడం నాకు చేతకాదు. అచ్చం పెండ్లిపిల్ల లెక్కున్నవే అమ్మా, జర చూడమన్నాను. ఆమె పటం వైపు చూడలేదు. నా వైపే చూసింది.

“నేను చూస్త తియ్. ఈసారన్న నువ్వు చూసినవా?”