ఏడాది ఆగిన పందిపిల్ల

ఫువాతినో వేసిన కప్పు ఎగిరిపోయిందన్న మాట సవాయి దీవిలో ఇంతవరకూ ఎవరూ అనలేదు. అంటే ఊరుకుంటుందా, నిచ్చెనెక్కించి మరీ చూపిస్తుంది! మొగుడు పోయాక వడ్రంగం పెట్టె తనే భుజానికెత్తుకుని సగం ఊరికి కప్పులు వేసిన మనిషి. అలాంటిది ఊళ్ళో ఉండగా, సర్కారు ఆ ఊరి బడి కప్పు పని ఎవరో బయటి కంపెనీకిచ్చింది. మొదటి తుపానుకే ఆ రేకులు వెళ్ళి కొబ్బరితోటలో పడ్డాయి. అప్పట్నుంచి పిల్లలకి చర్చి వసారాలోనే చదువు. వాళ్ళలో ఫువాతినో మనవరాలూ ఉంది. జల్లు కొడితే పుస్తకాలు చొక్కాల్లో దాచుకుంటారు పాపం.

ఇప్పుడు మళ్ళీ టెండరు పిలిచారు. ఈసారి ఆ కప్పు తన చేత్తోనే పడాలి. అదీ ఆమె పట్టు.

కాగితాలు తెచ్చుకుని చదివింది. అర్హత అంటే ఇంతకుముందు చేసిన పని చూపించమనడం. ఓస్, ఊరంతా తిప్పి చూపిస్తా అనుకుంది. గడువు అంటే ఆ వేళ దాటాక పెట్టెలో కవరు వెయ్యనివ్వరు. అదీ సరే. ఒక్కచోట మాత్రం చిక్కొచ్చి పడింది. వాసాల్ని దూలానికి బిగించే ఇనుప పట్టీలు ఫలానా కంపెనీవి, 'లేదా వాటికి సమానమైనవి' అని ఉంది. ఆ కంపెనీ సరుకు దీవిలో దొరకదు. తను వాడేవి గట్టివే, మరి సమానమని ఎవరు ఒప్పుకోవాలి?

ఎవరేమిటి, సెఫో లేడూ! పినతల్లి కొడుకు. టెండర్లు పరిశీలించే కమిటీలో ఉన్నాడు, ఇల్లు అదే వీధి చివర. అయినవాళ్ళని ఒక మాట అడగాలన్నా వట్టి చేతుల్తో వెళ్ళడం ఈ దీవిలో పుట్టినవాళ్ళకి చేతకాదు. బుట్టెడు చేమదుంపలు, కాళ్ళు కట్టిన పందిపిల్ల పట్టుకుని మిట్టమధ్యాహ్నం బయల్దేరింది.

సెఫో అక్కని చూసి నవ్వుతూ లేచాడు. పందిపిల్లని చూసి మెట్టు దగ్గరే ఆగిపోయాడు.

"అక్కా, లోపలికి రాకు."

"ఏంరా, కాళ్ళు కడుక్కునే వచ్చాలే."

"బడి టెండరు వేస్తున్నావా?"

"వేస్తున్నా. అందుకేగా వచ్చింది. ఆ పట్టీల సంగతి..."

"అడక్కు! నీకు దండం పెడతాను, అడక్కు. నేను ఆ దుంప ముక్క నోట్లో పెట్టుకున్నానంటే నీ కవరు విప్పకుండానే పక్కన పడేస్తారు. ప్రయోజనాల ఘర్షణ అంటారు దీన్ని."

"అక్కాతమ్ముళ్ళవడం ఎప్పట్నుంచి నేరమైందిరా?"

"నేరం కాదే తల్లీ. చుట్టరికం ఒకవైపు లాగుతుంది, ఉద్యోగం ఇంకోవైపు లాగుతుంది. రేపు నువ్వు గెలిస్తే, పంది మాంసం తిని పని ఇచ్చాడంటారు. నా మొహం సరే, నీ కప్పు మొహం ఏం కాను?"

గోడల్లేని ఇళ్ళు కదా, ఎదురింటి ముసలమ్మ చాప అల్లడం ఆపేసి మరీ చూస్తోంది. తెచ్చిన తిండి వద్దనడమంటే ఇక్కడ చెంప మీద కొట్టడమే. ఫువాతినోకి తల కొట్టేసినట్టయింది.

"మరెవర్ని అడగాలిరా?"

"రాసి ఆఫీసుకి పంపు. జవాబు టెండరు వేసేవాళ్ళందరికీ ఒకేలా పంపిస్తారు."

"అందరికీనా! అడగందే అమ్మయినా పెట్టదంటారు. మీ ఆఫీసులో ఒకళ్ళడిగితే బంతి మొత్తానికీ వడ్డిస్తారా?"

"అంతే. గెలిస్తే నీ పనితనంతో గెలువక్కా. నీకేం తక్కువ?"

పందిపిల్లని తిట్టుకుంటూ ఇంటికొచ్చింది. కానీ ఆ చివరి మాట వదల్లేదు. నిజమే, తనకేం తక్కువ? ఆ సాయంత్రమే ప్రశ్న రాసి పంపింది. అంతే గట్టివని పరీక్ష చేయించి చూపిస్తే చాలని అందరికీ జవాబొచ్చింది. తన పట్టీలకి ఆ పరీక్ష చేయించి, కాగితం కవర్లో పెట్టింది.

కవర్లు అందరి ముందూ విప్పి ధరలు చదివిన రోజు సెఫో లేచి, "ఈవిడ మా అక్క, ఇందులో నేనుండను" అని బయటికెళ్ళిపోయాడు. ఇదివరకటి బయటి కంపెనీ కూడా టెండరు వేసింది, దాని ధర కాస్త తక్కువే. అయితే మిగిలిన కమిటీవాళ్ళు ధరొక్కటే చూసి ఊరుకోలేదు, ఇద్దరూ ఇదివరకు వేసిన కప్పులెక్కి చూశారు. పని ఫువాతినోకే వచ్చింది.

కప్పు పడింది. పండగ చేద్దామని రాళ్ళ పొయ్యి రాజేసి సెఫోని పిలిస్తే రోడ్డు మీంచే చెయ్యి ఊపాడు.

"ఇంకా కాదక్కా! ఏడాదిపాటు లోపాల బాధ్యత నీదే. ఏ మేకు ఊడినా నీ ఖర్చుతో నువ్వే బిగించాలి. అంతవరకూ పని పూర్తయిందని మా ఆఫీసు సంతకం పెట్టదు."

భోజనాల వేళ దారిన పోయేవాణ్ణి "రా, తిందాం" అని పిలవకపోతే ఈ ఊళ్ళో పరువుండదు. ఫువాతినో రోజూ పిలిచేది. కొబ్బరిపాలలో ఉడికిన చేమాకుల వాసన తగులుతుంటే సెఫో "ఆకలి లేదక్కా" అని తలొంచుకుని పోయేవాడు. అబద్ధాలకోరు! ఒళ్ళు మండేది ఆమెకి. మండినా పిలవడం మానలేదు.

తుపాను వచ్చింది. ఊరు ఊరంతా ఆ బడిలోనే తలదాచుకుంది. సెఫో పిల్లలు కూడా ఆ కప్పు కిందే నిద్రపోయారు. ఒక్క పట్టీ కదల్లేదు.

ఏడాది నిండింది. ఆఫీసువాళ్ళు కప్పెక్కి చూసి సంతకం పెట్టారు. ఆ మధ్యాహ్నం సెఫో దారిన పోతూ ఆమె ఇంటి ముందు ఆగాడు. పందిపిల్ల అప్పటికి ఇద్దరు మోస్తే గాని కదలనంత అయింది, రాళ్ళ పొయ్యిలో ఉడుకుతోంది. ఫువాతినో పిలవలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏరా తమ్ముడూ, ఇవాళా ఆకలి లేదా?"

"ఏడాదినుంచీ ఆకలేనక్కా."

ఇంకో చురక వేద్దామనుకున్న మనిషి కాస్తా పక్కకి జరిగి చాప మీద చోటిచ్చింది.