తెల్లగుర్రం గిట్టల వేడి

ఖరగ్‌పూర్‌లో పెళ్లి గుర్రాలకు లాడాలు కొట్టే ఆడమనిషిని, నాకు తెలిసి, నేనొక్కదాన్నే. రైల్వే వర్క్‌షాపులో కమ్మరి పనిచేసి రిటైరైన మా నాన్న ఈ పని పట్టుకున్నాడు. ఆయన చేతులకు వణుకు వచ్చాక సుత్తి నేనందుకున్నాను. సుభాష్‌పల్లిలో మా వీధివాళ్లు కొన్నాళ్లు నవ్వి ఊరుకున్నారు. మలంచా మావ మాత్రం నా పనిని పూర్తిగా నమ్మలేదు. వరసకు మావ కాదు, మలంచా పేటలో ఉంటాడు, నాన్నతో కలిసి పనిచేసినవాడు. ఊరేగింపులకు తెల్లటి ఆడగుర్రాన్ని పెంచుతున్నాడు.

పోయినసారి పెళ్లిళ్ల రోజుల్లో ఒక పొద్దున లాడాలు మార్చడానికి వాళ్లింటికి వెళ్లాను. గుర్రం ముందుకాళ్లు చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడి ఉంది. పక్కకు తిప్పబోతే కదలనంది.

"బద్దకం. రొండు రౌండ్లు నడిపిస్తే సర్దుకుంటాది. సాయంత్రం ఊరేగింపుంది," అన్నాడు మావ.

వంగి ముందు గిట్టల మీద అరచెయ్యి పెట్టాను. రెండూ వేడిగా ఉన్నాయి. గిట్టకు పైన, కాలి వెనక వేలు ఆనిస్తే నాడి గట్టిగా కొట్టుకుంటోంది. మామూలప్పుడు అది వెతికితే గాని దొరకదు.

"మావా, మొన్నేటి తిన్నాది?"

ఆయన గోడవైపు చూశాడు. "కట్టు తెంపుకొని దాణా బస్తాలో మూతెట్టీసినాది. సగం ఖాళీ సేసినాది."

"ఇది బద్దకం కాదు. ఆ దాణాకి గిట్టల్లోపల వాపు మొదలయినాది. ఒక్కడుగు నడిపించకు. పశువుల డాక్టరుకి ఫోన్ సెయ్యి."

ఆయన ఫోన్ చేసింది మా నాన్నకు. "దాదా, నీ కూతురు ఊరేగింపు ఆపీమంతంది. ఓసారొచ్చి సూడు!"

నాకు కోపమూ వచ్చింది, భయమూ వేసింది. నేను చెప్పింది తప్పయితే ఇంకెవరూ గుర్రం కాలు నా చేతికివ్వరు. అయినా చేపలమ్మే దీదీ దగ్గర ఐసు తెచ్చి, గుర్రం ముందుకాళ్లు రెండూ ఐసునీళ్ల బకెట్లలో పెట్టించాను.

నాన్న టోటో రిక్షా దిగి గుమ్మంలోనే నిలబడ్డాడు. "పిల్లేటి సెప్పినాది?" అనడిగాడు. మావ చెప్పాడు. నాన్న గుర్రం దగ్గరికైనా రాలేదు.

"అది సెయ్యేసి సూసి సెప్పినాక నన్నెందుకు పిలిసినావురా? డాక్టర్ని పిలు."

బెంగాలీ డాక్టరు వచ్చి నాడి చూశాడు. గిట్ట ముందుభాగాన్ని పటకారుతో నొక్కితే గుర్రం కాలు లాక్కుంది. లామినైటిస్, గిట్టల్లోపల వాపే అన్నాడు, ముదరకముందే దొరికిందన్నాడు. ఎవరు కనిపెట్టారని అడిగితే మావ నావైపు చెయ్యి చూపించి, "మా మిస్త్రీ," అన్నాడు. పనితనం ఉన్నవాళ్లను మాత్రమే ఆయన ఆ మాటతో పిలుస్తాడు.

ఆ సాయంత్రం పెళ్లికొడుకు కారులో వెళ్లాడు. గుర్రం నెలన్నర మెత్తటి ఇసుకమీద ఉండి కోలుకుంది.

ఆ రోజు ఇంటికి వస్తూ, "ఒకసారి ముట్టుకొని సూడొచ్చు గదా నాన్నా," అన్నాను.

ఆయన వణికే వేళ్లు చూసుకున్నాడు. "వీటికిప్పుడు నాడి అందదమ్మా. నీకందుతాది."

ఆ వారమంతా ఎదురుపడ్డవాళ్లందరికీ తెలుగులో, బెంగాలీలో, హిందీలో నా సంగతే చెప్పాడు. ఆపమని నేను ఒక్కసారి కూడా అనలేదు.