ఫారంలో ఆఖరి గడి

బీదర్ సంతలో ఎండుచేపల వరస చివరన ఉంటుంది, కూరగాయల వాళ్ళకు, చెప్పులు కుట్టేవాళ్ళకు అవతల. మా ఇంట్లో ఎవరూ తినరు గనక నాకు ఆ వైపు పని లేదు. మొన్న ఆదివారం గాలి అటునుంచి తిరిగింది. ఉప్పు, ఎండ, గోనెసంచి కలిసిన ఆ వాసన తగలగానే చేతిలోని సంచి కింద పెట్టి నిలబడిపోయాను. చేపల గుట్టల వెనక నుంచి అమ్మే ఆమె "లేలో అమ్మా, తాజీ హై" అంటోంది. ఎండబెట్టినదానికి తాజాదనం ఏమిటని వేరే రోజైతే నవ్వుకునేదాన్ని. ఆ రోజు కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. నాకు గుర్తొచ్చింది సముద్రం కాదు. సముద్రానికి ఇంత దూరాన, ఇదే ఊళ్ళో, చూపు పోయి మంచం మీద కూర్చున్న కాశన్న మామ.

పేరు కాశీనాథ్. నాకు మేనమామ కాదు, బంధువూ కాదు. హైదరాబాదు పడమటి వైపు బండలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్న రోజుల్లో, రోడ్లకూ రైళ్ళకూ ప్లాన్లు గీసి ఇచ్చే ఒక కంపెనీలో ఆయన సర్వే విభాగానికి పెద్ద. నేను బీదర్‌లో డిప్లొమా చేసి, ఆ కంపెనీలో ఇంకా ఖాయం కాని ఉద్యోగంలో చేరిన చింతకి ఊరి పిల్లను. ఆఫీసులో అందరూ ప్లాట్ల గురించి మాట్లాడేవారు. ఏ పక్క కొంటే ఎన్నేళ్ళలో ఎంత అవుతుందన్నదే టీ దగ్గర ముచ్చట. ఆయన ఒక్కడే ఆ ముచ్చటలో కలవకుండా, పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చునేవాడు. మొదటి రోజు నేను ఇంగ్లీషులో పరిచయం చేసుకోబోతే చెయ్యెత్తి ఆపాడు.

"ఏ ఊరు బిడ్డా?"

"బీదర్ దిక్కు సార్. చింతకి."

"అరె, మనోళ్ళే గద! మాది బీదరే. సార్ గీర్ వద్దు, మామా అను. నక్షా గీసుడు వచ్చునా?"

వచ్చునన్నాను. మా ఊరినుంచి బస్సు ఎక్కే చోటికి దారి గీయమన్నాడు. స్కేలు పెట్టి చక్కగా గీశాను. చాలాసేపు చూశాడు. "ఇందుల వాగేది? వానకాలం నడుం లోతు నీళ్ళల్ల దాటుతరు గద జనం? నీ గీత మీద నువ్వే నడువలేదు బిడ్డా. గీసుడు ఆసాన్. నడుసుడే ముష్కిల్" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. చదువుకున్న గర్వం కొత్తగా ఉంది మరి. కానీ వాగు మాత్రం నిజంగానే మరిచిపోయాను.

ఆయనకొక పద్ధతి ఉండేది. రోడ్డు మీద నిలబడి మనుషుల్నీ బండ్లనూ లెక్కపెట్టే ఫారంలో చివరి గడి ఒకటుంటుంది, విశేషాలు రాయడానికి. అందరూ దాన్ని వదిలేస్తారు, లేదంటే ఒక అడ్డగీత కొడతారు. ఆయన ఏ ఫారం చేతికిచ్చినా ముందు ఆ గడే చూసేవాడు. ఖాళీగా ఉంటే మిగతాదంతా చదవకుండా తిరిగి ఇచ్చేసేవాడు. "ఆ దినం వాన పడ్డదా, పెండ్లి ఉండెనా, ఎవలన్న సచ్చిపోయిండ్రా, బస్సులు బంద్ ఉండెనా రాయాలె. లేకుంటే ఏం లేదని రాయి. అంకె ఉత్తగ అబద్ధం ఆడదు బిడ్డా, మనం సగం చెప్తే ఆడుతది" అనేవాడు. వెనక మేమంతా ఆయన్ను ఆఖరిగడి కాశన్న అని పిలుచుకునేవాళ్ళం. ఆయనకు తెలుసు.

ఆ ఏడాది మా కంపెనీకి తూర్పు తీరంలో ఒక నగరానికి చిన్న రైలు ప్లాను వేసే పని వచ్చింది. రోడ్డు పక్కనే పట్టాలు, రెండు మూడు పెట్టెలు, మెట్లెక్కే పని లేకుండా నేల ఎత్తునే తలుపు. ఊరి పేరు రాయను, ఇప్పుడు రాసి ప్రయోజనమూ లేదు. చలికాలం చివర కాశన్న మామ నన్ను తీసుకుని ఆ ఊరు వెళ్ళి, పట్టాలు వేయాల్సిన దారంతా నడిపించాడు. సముద్రాన్ని నేను చూడడం అదే మొదలు. చూసి నోరు తెరుచుకుని నిలబడితే, "అది యాడికి పోదు, నడు జల్ది" అన్నాడు.

తెల్లవారుజామున చేపల రేవు దగ్గర చేరాం. బోట్ల దగ్గర చేపలు కొనుక్కుని, గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు వరసగా ఊళ్ళోకి నడుస్తున్నారు. ఖాళీగా ఉన్న బస్సు ఒకటి వాళ్ళ పక్కనుంచి వెళ్ళింది. ఒక్కరూ చెయ్యెత్తలేదు. ఎందుకని మామ వాళ్ళలో ఒక పెద్దావిడను అడిగాడు. ఆమె పేరు పోలమ్మ.

"వాసనంట బాబూ. గంప సూత్తే ఆపరు. ఆపినా దింపేత్తారు. మా యమ్మ నడిసింది, నాను నడుత్తన్నాను."

ఆయన జేబులోంచి టేపు తీసి, గంప దింపమని, అడ్డంగా నిలువుగా కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు. పోలమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "గంపకి కొలతలేటి బాబూ, రవిక కుట్టిత్తావేటి?"

"తలుపు పెట్టిస్త అమ్మా. నీ గంప పట్టేటంత తలుపు."

ఆమె నవ్వు ఆగిపోయింది. నిజమా అన్నట్టు నావైపు చూసింది. ఆయన ఆ గంపను తన నెత్తికెత్తించుకుని కొంత దూరం నడిచాడు. చేపల నీళ్ళు మెడమీదుగా కారి తెల్లచొక్కా అంతా పాడైంది. హోటల్‌కు వచ్చాక స్నానం కూడా చేయకుండా నక్షా పరిచి, రేవు దగ్గర ఒక చుక్క పెట్టి, "ఇది పోలమ్మ స్టాపు" అన్నాడు. ఆయన అంత సంతోషంగా ఉండగా నేను మళ్ళీ చూడలేదు.

చుక్క పెడితే చాలదు. అక్కడ ఇంతమంది ఎక్కుతారని లెక్క చూపాలి. లెక్క ఎప్పుడు పెట్టాలో మేమంతా కూర్చుని చాలా తెలివిగా నిర్ణయించాం. వానల్లో వద్దు. పండగల్లో వద్దు. బడులు మూసేలోపల కావాలి. ఏప్రిల్ మూడో వారం బాగుందనుకున్నాం. మెట్ట మీద పుట్టిన మాలో ఒక్కరికీ సముద్రాన్ని అడగాలని తోచలేదు. ఆ వారానికి కాశన్న మామ కంటికి ఆపరేషన్ పడింది. "నువ్వున్నవ్ గద బిడ్డా" అని బాధ్యత నాకు అప్పగించాడు.

రేవు దారిలో మొదటి రోజు తెల్లవారుజామున నిలబడ్డాను. ఎవరూ రాలేదు. రెండో రోజూ అంతే, ఇద్దరు ముసలివాళ్ళు, ఒక సైకిలు. చలికాలంలో చూసిన ఆ వరస ఏమైపోయిందో అర్థం కాలేదు. మూడో రోజు టీకొట్టు ఆమెను అడిగితే వింతగా చూసింది. "ఏట లేదు కదమ్మా! సేపలు గుడ్లు పెట్టే కాలం. రొండు నెల్లు బోట్లు కట్టేత్తారు. మీకు తెల్దా?"

మాకు తెలీదు. బీదర్‌లో ఎవరికి తెలుస్తుంది? అంతవరకు అది తెలియక చేసిన పొరపాటే, దానికి నన్ను నేను ఎప్పుడో క్షమించుకునేదాన్ని. తర్వాత చేసింది వేరు. ఆ గడిలో "వేట లేదు" అని రాస్తే, ఫారం చెల్లదు. మళ్ళీ లెక్క పెట్టాలి, రెండు నెలలు ఆగాలి. వారంలోగా ఫారాల కట్టలన్నీ టేబుల్ మీద ఉండాలని డైరెక్టర్ చెప్పాడు. ఈ పని సమయానికి ముగిస్తే నా ఉద్యోగం ఖాయం చేస్తానని కూడా చెప్పాడు. పెన్ను మూత తీశాను. మళ్ళీ పెట్టేశాను. తర్వాత మామకు నోటితో చెబుదాం, ఆయనే ఏదో దారి చూస్తాడు అనుకున్నాను.

సంతకాల కోసం ఆయన ఇంటికి వెళ్ళాను. ఒక కంటికి కట్టు, రెండో కన్ను అప్పటికే మసక. ఫారాల కట్టంతా చేత్తో తడిమి, ఒక్కటే అడిగాడు.

"ఆఖరి గడి నింపినవా బిడ్డా?"

"నింపిన మామా."

పెన్ను ఇమ్మని చెయ్యి చాపాడు. ఆయన వేలు పట్టుకుని సంతకం చేయాల్సిన చోట పెట్టింది నేనే. కాగితం మారినప్పుడల్లా ఆ వేలిని పట్టి అక్కడ పెడుతూ వచ్చాను. చెబుదామనుకున్న మాట చెప్పకుండానే కట్టలు సర్దుకుని వచ్చేశాను.

రేవు దగ్గర ఎక్కేవాళ్ళే లేరని లెక్క తేలింది కాబట్టి గీత అక్కడికి వెళ్ళలేదు. కొత్తగా ప్లాట్లు వేస్తున్న కొండ వైపు తిరిగింది. డైరెక్టర్ ముఖం వెలిగిపోయింది. వానలు మొదలయ్యాక ఆ ఊళ్ళోనే జనానికి ప్లాను చూపించే సభ పెట్టారు. రేవు నుంచి ఆడవాళ్ళు వచ్చారు. పోలమ్మ గోడమీది నక్షా ముందు నిలబడి వేలితో వెతికింది. చదువు రాకపోయినా సముద్రం ఎక్కడుందో పోల్చుకుంది. అక్కడ ఏమీ లేదు.

"బాబూ, మా తలుపేదీ?"

కాశన్న మామ లావు కళ్ళద్దాలు పెట్టుకుని రేవు దారి ఫారాలు తెప్పించాడు. కళ్ళకు ఆనించుకుని చూశాడు. గడి ఖాళీ. తేదీ చూసి, "అమ్మా, ఏప్రిల్ నెలల మీరు ఈ తొవ్వల నడువలేదా?" అని అడిగాడు.

"అప్పుడేట ఉండదు కదా బాబూ. ఏట లేకపోతే గంపెక్కడిది?"

ఆయన తల తిప్పి నావైపు చూశాడు. కోపం కనబడితే బతికిపోయేదాన్ని. ఒక్క క్షణం చూసి, మైకు దగ్గరికి వెళ్ళి, "తప్పు నాది. సంతకం నాది. మళ్ళ లెక్క పెట్టిస్త" అన్నాడు. నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. లేవలేదు. ఆ కుర్చీలోంచి ఇప్పటికీ పూర్తిగా లేచానని అనుకోను.

మళ్ళీ లెక్క పెట్టనివ్వలేదు. రిపోర్టు సర్కారుకు వెళ్ళిపోయిందన్నారు. ఆయన ఒకదాని తర్వాత ఒకటి ఉత్తరాలు రాశాడు. సభలో కంపెనీ పరువు తీశాడని, కళ్ళు కనబడని మనిషికి సర్వే ఏమిటని, వయసు చూపి పంపేశారు. ఎవరి వల్ల జరిగిందో ఆయన ఎవరికీ చెప్పలేదు. అదే నెలలో నా ఉద్యోగం ఖాయమైంది. పోతూ పోతూ ఆయన తన పెన్సిల్ చెక్కే చాకు నా టేబుల్ మీద పెట్టి, "భద్రం బిడ్డా" అన్నాడు. అంతే.

ఆ రైలు రాలేదు. సర్కారు మారింది, డబ్బు లేదన్నారు, మళ్ళీ ఏదో పెద్ద రైలన్నారు, అదీ లేదు. కొండవైపు ప్లాట్లు మాత్రం అమ్ముడుపోయాయి. అంటే నేను చెప్పిన అబద్ధం చివరికి ఒక రైలు పట్టా ముక్కను కూడా కదిలించలేదు. ఒక మనిషి అన్నం, మర్యాద తీసేసింది, అంతే.

పెళ్ళయి, మా ఆయన ఉద్యోగరీత్యా బీదర్ వచ్చాక కూడా ఏడాది పాటు, అక్కడికే తిరిగొచ్చి ఉంటున్న కాశన్న మామ గడప తొక్కలేకపోయాను. చివరికి ఒక మధ్యాహ్నం వెళ్ళాను. రెండు కళ్ళూ పూర్తిగా పోయాయి. గొంతు విని, "చింతకి బిడ్డనా? రా, కూసో" అన్నాడు. చాయ్ తెప్పించాడు. పిల్లలెందరని అడిగాడు. నేను ఏడుస్తుంటే ఏడవనిచ్చాడు. తర్వాత మంచం కింది ఇనప పెట్టె తీయమన్నాడు. అడుగున, మడతల దగ్గర చిరిగిన జిరాక్సు కాగితం. రేవు దారి, మూడో రోజు ఫారం.

"మాఫ్ చెయ్యి మామా" అన్నాను.

"నాకెందుకు చెప్తవ్. సముద్రానికి సెలవుంటదని నాకు గూడ ఎరుకలేకపాయె. రైలు రాలే, అది నీతోని కాలే, నాతోని కాలే. కానీ బిడ్డా, రేపెవడన్న ఆ కాయితం తీస్తే, ఆ తొవ్వల ఆడోళ్ళు నడువరనే ఉంటది. ఇంకో బండి వచ్చినా అట్నుంచి పోదు. నింపు."

"ఇప్పుడెందుకు మామా?"

"నింపు."

పెన్ను తీసి ఆ గడిలో రాశాను. చదవమన్నాడు. "వేట లేదు" అని చదివాను. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను.

"రెండు మాటలేనా?"

"రెండే మామా."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను పెట్టెను మంచం కిందికి తోసి, ఆ కాగితం మడిచి నాతో తెచ్చుకున్నాను. ఆ వానాకాలంలోనే పోయాడు. నాకు మూడు రోజుల తర్వాత తెలిసింది.

ఇప్పుడు నేను డిప్లొమా పిల్లలకు సర్వే చెబుతాను. ఖాళీ గడితో ఫారం తెస్తే చదవకుండా తిరిగి ఇస్తాను. నా వెనక వాళ్ళు ఏ పేరు పెట్టుకున్నారో తెలియదు. ఆ జిరాక్సుకు ఇంకో ప్రతి తీసి, సంగతంతా రాసి, సభ జరిగిన ఊరి సర్కారు కార్యాలయానికి రెండుసార్లు రిజిస్టరు పోస్టులో పంపాను. జవాబు లేదు. పోలమ్మ ఉందో లేదో, ఉంటే ఆ వయసులో ఎలా నడుస్తోందో తెలియదు. నేను నింపిన కాగితం నా బీరువాలో, చాకు పక్కన ఉంది. ఆఫీసు కట్టలో ఉన్న అసలు ఫారంలో ఆ గడి ఖాళీగానే ఉంది. అందులో ఆ దారిన ఆడవాళ్ళెవరూ నడవలేదు.